సీసా సారుకి సినిమా వాన

పోయిన ఆదివారం ఎర్రగడ్డ మార్కెట్టులో కాకరకాయలు కొనుక్కుని, జనం ఎటు తోస్తే అటు నడుస్తూ, చూసుకోకుండా చేపల వరసలోకి వెళ్ళిపోయాను. తరతరాలుగా నీచు ముట్టని ఇల్లు మాది. ముక్కుకి కండువా అడ్డం పెట్టుకుని గబగబా వెనక్కి తిరగబోతూ తలెత్తానో లేదో, ఒక దుకాణంలో గల్లాపెట్టె పైన, దేవుళ్ళ పటాల పక్కన, కుంకుమ బొట్టుతో, వాడని బంతిపూల దండతో మా బావగారు కనిపించారు. మా అక్కయ్య భర్త. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. మా ఇంట్లో ఆయన పటానికి దండ మార్చి ఎన్నాళ్ళయిందో నాకే గుర్తులేదు, ఇక్కడ మాత్రం ఆ పూట కట్టిన పూలు. వెనక్కి తిరగడం మర్చిపోయి ఆ పటం వంకే చూస్తున్నాను.

"ఏంది తాతా, గట్లనే నిలబడ్డవ్? రవ్వ గావాల్నా, బొచ్చ గావాల్నా?" అన్నాడు దుకాణం అతను.

ఆ పటం ఎవరిదని అడిగాను, తెలియనట్టు.

"సీసా సారు. చేపలతోని గుడ్లు పెట్టించుడు మా నాయనకు ఆయన్నే నేర్పిండు. ఆ సారు లేకుంటే మాకు గీ దుకాణమేడిది?"

ఆయన మా బావ అన్నాను. అతను నా మొహం చూశాడు, సంచీలో కాకరకాయలు చూశాడు, నమ్మలేదు. నాకు పౌరుషం వచ్చింది. అసలు మీ సారుకి వాన కురిపించి పెట్టిందే నేను అన్నాను.

"గట్లనా! అయితే జర మా బోరు మీద గూడ ఒకటి కురిపించి పో తాతా, ఎండిపోయి సస్తున్నం" అన్నాడు. పక్క దుకాణాల వాళ్ళందరూ పగలబడి నవ్వారు.

అక్కడ నమ్మించలేక ఇక్కడ రాస్తున్నాను. నా ఈడు వాళ్ళు మీరు, ఆ కాలం చూసినవాళ్ళు, మీకైనా నమ్మకం కుదురుతుందని ఆశ. వీడి మాటల్లో రూపాయికి నాలుగణాలు కల్తీ అని మా అక్కయ్య అంటూ ఉండేది. కల్తీ ఎక్కడ కలిసిందో అక్కడే చెప్పేస్తూ పోతాను, సరేనా.

పోలీసు చర్య అయిన కొన్నేళ్ళకి మా నాన్నగారు ఉద్యోగం మీద హైదరాబాదు వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. అక్కయ్యకి తెచ్చిన సంబంధం రసాయన శాస్త్రంలో బంగారు పతకం అందుకున్న కుర్రాడు. పతకం నేను చేర్చింది, మంచి మార్కులతో పాసయ్యాడన్నంతవరకే నిజం. మోతీనగర్ దాపున ఒక మందుల ఫ్యాక్టరీలో కెమిస్టుగా చేరారు. ఉండడానికి క్వార్టరు, వేసుకోవడానికి తెల్ల కోటు, వేళ్ళ మీద ఎప్పుడూ ఏదో ఒక ఆసిడ్ మరక. బావమరిదినన్న చనువుతో నేను ఎంత ఆటపట్టించినా ఆయన తల వంచుకుని నవ్వి, చివర్లో ఒక్క ముక్కతో నన్ను నేల మీదికి దించేవారు.

అటువంటి మనిషి చేపల్లో పడడానికి మూలం ఒక దుర్వాసన. చేపల శాఖలో పనిచేసే స్నేహితుడొకాయన ఒకనాడు ఒక చిన్న డబ్బా పట్టుకొచ్చి ఆయన బల్ల మీద పెట్టాడు. మూత తీస్తే గది గదంతా గుప్పుమంది. అందులో ఉన్నవి చేప తలల్లోంచి తీసిన పీయూష గ్రంథులు. మెదడు కింద ఆవగింజంత ఉంటుంది ఆ గ్రంథి. సంగతేమిటంటే, బొచ్చె, శీలావతి లాంటి చేపలు చెరువులో దుంగల్లా పెరుగుతాయి గానీ నిలవనీళ్ళలో గుడ్లు పెట్టవు. వాటికి వాన కావాలి, వరద కావాలి, పారే ఏరు కావాలి. చెరువులో వేసుకోవడానికి పిల్లలు కావాలంటే వరదల్లో గోదావరి మీద పడి వలవేసి ఏరుకోవలసిందే, తీరా తెచ్చాక అందులో సగం పనికిరాని చేపలు. ఆ గ్రంథిని నూరి, రసం తీసి తల్లిచేపకి సూదిమందుగా ఇస్తే, దాని ఒళ్ళు వరద వచ్చేసిందనుకుని గుడ్లు పెడుతుంది. ఈ విద్య మా బావే కనిపెట్టాడని నేను చాలా పెళ్ళిపందిళ్ళలో చెప్పాను గానీ, అది నిజం కాదు. దేశంలో పెద్దలు అంతకు ముందే కనిపెట్టారు. మన ఎండలకి ఆ గ్రంథి రైతు చేతికి చేరేలోపు కుళ్ళిపోతోంది, అదీ చిక్కు. కుళ్ళకుండా నిలవ ఉంచడం ఎలాగన్నది చేపల ప్రశ్న కాదు, కెమిస్టు ప్రశ్న. అక్కడ దొరికిపోయారు మా బావ.

నీరు కలవని స్పిరిటులో వేసి, మర్నాడు ఆ స్పిరిటు పారబోసి కొత్తది పోసి, గాలి చొరకుండా మైనంతో మూత బిగించి, గోధుమరంగు సీసాలో పెట్టి చీకట్లో ఉంచితే, ఐసుపెట్టె మొహం చూడని పల్లెలో కూడా ఆ గ్రంథి నిలవుంటుందని తేల్చారు. ఇప్పుడు చెబితే ఆవకాయ పెట్టినంత తేలిగ్గా ఉంది గానీ, ఎంత స్పిరిటు, ఎప్పుడు మార్చాలి, ఏ మూత అన్నవాటి మీద ఎన్ని సీసాలు పాడయ్యాయో లెక్కలేదు. ఆ వెంటనే ఉద్యోగానికి రాజీనామా విసిరికొట్టి చేపల శాఖలో చేరారని మనవలకి చెబుతుంటాను. విసిరికొట్టడం ఆయన వల్ల ఎక్కడవుతుంది? జీతం లేని సెలవు పెట్టి, క్వార్టరు ఖాళీ చేసి, మోతీనగర్‌లోనే రెండు గదుల వాటా కిరాయికి తీసుకుని, అక్కయ్య ముందు దోషిలా నిలబడ్డారు. చేపల శాఖ వాళ్ళు ఊరికే పనిచేసి చూపించమన్నారు, చేపలు గుడ్లు పెడితే ఉద్యోగం ఇస్తామన్నారు. ఫ్యాక్టరీ మేనేజరు మంచివాడు, వానలు వెళ్ళేదాకా కుర్చీ ఎవరికీ ఇవ్వనన్నాడు.

మా అక్కయ్య గయ్యాళి కాదు. ఇద్దరు పిల్లలు, మూరెడు వంటిల్లు, దండెం మీద ఆరేసిన చీరలకి కూడా చేపల వాసన. ఆవిడ మాత్రం ఎంతకని ఓర్చుకుంటుంది? ఒకరోజు భోజనాల దగ్గర మజ్జిగ పోస్తూ చెప్పేసింది.

"ఒక్క వానాకాలం ఇస్తున్నానండీ. మీ చేపలు పిల్లల్ని పెట్టాయా, మీ వెనకాలే వస్తాను, చెరువుగట్టు మీదైనా కాపరం చేస్తాను. పెట్టలేదా, మాట్లాడకుండా కోటు తొడుక్కుని ఫ్యాక్టరీకి పోవాలి. మళ్ళీ ఈ ఇంట్లో చేప అన్న మాట వినపడకూడదు."

బావ విస్తట్లోంచి తలెత్తకుండా సరేనన్నారు. ఆయన తలెత్తకుండా ఒప్పుకున్నారంటే భయపడ్డారని అర్థం. ఆ రోజు నేను వేళాకోళం చెయ్యలేదు.

నేనప్పుడు సినిమాల్లో ప్రొడక్షన్ మేనేజర్ని. సరే, మేనేజరు చేతి కింద మనిషిని. ఇండస్ట్రీ ఇంకా ఒక కాలు మద్రాసులో, ఒక కాలు హైదరాబాదులో పెట్టి నిలబడిన రోజులు. యూనిట్ మొత్తానికి తిండి పెట్టించడం నా పని. పెద్ద యూనిట్ అంటే రోజూ చేపలపులుసు ఉండాలి, పులుసంటే తలలు ఉంటాయి. బావ అప్పటిదాకా బజారులో చేపల వాళ్ళని బతిమాలుకుని తలల్లోంచి గ్రంథులు తీసుకుంటున్నారు, పగలగొట్టిన తలకాయ ఎవరు కొంటారు సారూ అని వాళ్ళు విసుక్కుంటున్నారు. మా మెస్సు ఉండగా మీకెందుకండీ ఆ తిప్పలు, నేను పంపిస్తానన్నాను. మా మెస్సు వంటాయన గోదావరి జిల్లా మనిషి, మర్యాదకి ప్రాణం పెడతాడు. మొదటిరోజే బుట్టెడు తలలు పంపించాడు. బావ మూత తీసి ఒక్కొక్క తలా తిప్పి చూశారు. ఉప్పూ పసుపూ పట్టించి, రాతి మీద తోమించి, మెదడు జాడ కూడా లేకుండా తళతళలాడించి పంపించాడు మహానుభావుడు.

"శాస్త్రవేత్త గారికి పంపేదని దగ్గరుండి కడిగించానండీ బాబూ. ఒక్క నెత్తురు చుక్క ఉంటే నన్నడగండి" అన్నాడు ఎంతో గర్వంగా.

"పులుసుకి దివ్యంగా ఉంటాయి. రేపట్నుంచి నాకు మాత్రం మురికివే పంపించమనవయ్యా" అన్నారు బావ.

అలా మా మెస్సు తలకాయలతో ఆయన సీసాలు నిండాయి.

ఆ ఎండాకాలంలో చేపల శాఖ వాళ్ళిచ్చిన కుంట ఎండిపోయింది. కడుపులో గుడ్లతో ఉన్న తల్లిచేపల్ని ఎక్కడ దాచాలో తెలియక బావ తల పట్టుకుంటే, చోటు చూపించిందీ నేనే, ఇందులో కల్తీ లేదు. జూబ్లీహిల్స్ దిగువన ఇప్పుడు ఫిల్మ్‌నగర్ అంటున్న చోట అప్పుడు బండరాళ్ళు, సీతాఫలం పొదలు, తొండలు. అక్కడ మా నిర్మాత ఒక పాట కోసం తామర కొలను సెట్ తవ్వించాడు. చుట్టూ ప్లాస్టర్ రాళ్ళు, మధ్యలో ప్లాస్టిక్ తామరలు. పాట అయిపోయాక కొలను ఊరికే పడుంది. నిర్మాతగారిని కాళ్ళావేళ్ళా పడి ఒప్పించి చేపల్ని తెచ్చి అందులో వదిలాం. ఎండకి పైకి తేలి అవి ప్లాస్టిక్ తామరల నీడలో నోళ్ళు తెరుస్తుంటే, ఆర్ట్ డైరెక్టరు తన సెట్‌కి జీవం వచ్చిందని మురిసిపోయాడు.

ఇక వాన రాలేదు. మృగశిర వెళ్ళిపోయింది, ఆరుద్ర సగమయింది, ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. కొలనులో నీళ్ళు చెయ్యి పెడితే వెచ్చగా తగులుతున్నాయి. ఆ వేడిలో సూది వేసినా గుడ్లు నిలవవని బావ భయం. ఇంకా ఆగితే ఆ గుడ్లు తల్లిచేప కడుపులోనే కరిగిపోతాయి. ఆ ఏడాదికి అంతే. అక్కయ్య ట్రంకుపెట్టెలోంచి తెల్ల కోటు తీసి ఉతికి ఆరేసింది. ఆ కోటు దండెం మీద ఊగుతుంటే బావ దాని కిందనుంచే తల వంచుకుని వెళ్ళేవారు.

సరిగ్గా అప్పుడే మా సినిమాకి వానపాట పడింది. స్టూడియో ఆవరణలో తియ్యాలని అనుకున్నారు. నేను డైరెక్టరుగారి చెవిలో, మన కొలను గట్టు మీద తీస్తే నీళ్ళలో చినుకులు పడడం ఎంత బాగుంటుందో వర్ణించాను. సినిమాలో అంత బాగా ఏ రచయితా వర్ణించి ఉండడు. ఆయన ఒప్పుకున్నాడు. కొలను చుట్టూ సర్వేబాదులు పాతి, వాటి మీద చిల్లుల పైపులు బిగించి, ట్యాంకరు నీళ్ళు మోటారుతో ఎక్కిస్తే మధ్యాహ్నం నుంచి సాయంత్రందాకా వాన. బావ పొద్దున్నే వచ్చి, దోమతెర గుడ్డతో కుట్టిన తొట్టెలు మూడు నీళ్ళలో దిగ్గొట్టారు. ఒకదాంట్లో సూది వేసిన చేపలు, పైన వాన. రెండోదాంట్లో సూది వేసినవే, వాన పడని మూల. మూడోది వాన కిందే, అందులోవాటికి సూది లేదు. ఇదేమిటి బావగారూ, అన్నిటికీ వాన పెడదాం, నా వాన మీద నమ్మకం లేదా అని అడిగాను.

"ఉందయ్యా. అందుకే పరీక్ష పెడుతున్నాను" అన్నారు.

ఆయన దగ్గర మిగిలిన మందంతా ఆ ఉదయం, ఆ మధ్యాహ్నం సూదుల్లో అయిపోయింది. ఒకసారి రెండో సూది పడ్డాక వెనక్కి తీసుకోవడం లేదు, సాయంత్రానికి గుడ్లయినా పెట్టాలి, చేపయినా పోవాలి. అప్పుడొచ్చింది ట్యాంకరు. పైపు తగిలించి మోటారు వెయ్యబోతుంటే బావ నీళ్ళలోంచే గట్టిగా కేక పెట్టారు. ఆయన కేక వెయ్యడం నేను వినడం అదే మొదలు, అదే ఆఖరు. గబగబా గట్టెక్కి వచ్చి ట్యాంకరు మూత దగ్గర ముక్కు పెట్టారు. బ్లీచింగు పౌడరు.

హీరోయిన్ గారి అమ్మగారు కుర్చీలోంచి లేచి వచ్చారు. "నేనే వేయించానండీ. పోయిన పిక్చర్లో ఎక్కడి మురికినీళ్ళో పోసి మా అమ్మాయికి ఒళ్ళంతా దద్దుర్లు తెప్పించారు. బ్లీచింగు లేని నీళ్ళు ఒక్క చుక్క పడినా మేం కారెక్కి వెళ్ళిపోతాం, ఇప్పుడే చెబుతున్నాను."

ఆ బ్లీచింగు ఘాటు కొలనులో పడితే చేపల మొప్పలు కాలిపోతాయి, గుడ్లు పుట్టకముందే చస్తాయి. ఇంకో ట్యాంకరు ఆ పూటకి దొరకదు. ఎప్పుడొచ్చిందో అక్కయ్య కూడా టిఫిన్ క్యారియర్‌తో ప్లాస్టర్ రాయి మీద కూర్చుని ఇదంతా చూస్తోంది. నేను తల గోక్కుంటూ ట్యాంకరు చుట్టూ తిరుగుతున్నాను. బావ మాత్రం ఆ క్షణాన చేపల మనిషి వేషం తీసేసి ఫ్యాక్టరీ కెమిస్టు అయిపోయారు.

"ఏమయ్యా బావమరిదీ, మీ ఫిలిం కడిగే ల్యాబులో హైపో ఉంటుంది కదా?"

ఫోటో ఫిలిం మీద బొమ్మ చెరగకుండా నిలబెట్టడానికి వాడే పటిక పలుకుల్లాంటి ఉప్పది. ల్యాబుల్లో బస్తాలకి బస్తాలు ఉంటుంది. అదే ఉప్పు నీళ్ళలో బ్లీచింగు ఘాటుని విరిచేస్తుందని నాకేం తెలుసు? స్కూటరు మీద గాలిలా వెళ్ళి తెచ్చాను. గాలిలా కాదు, దారిలో ఒకసారి ఆగిపోతే తోసుకుంటూ వెళ్ళాను. ఈలోపు బావ అమ్మగారితో నెమ్మదిగా చెప్పారట, అమ్మా, మీరు వేయించడం మంచిదయింది, పురుగూ పుట్రా అన్నీ చచ్చాయి, ఇక ఆ ఘాటు అలాగే ఉంటే అమ్మాయి జుట్టు గడ్డిలా అయిపోతుంది, తీసెయ్యమంటారా అని. "అయ్యో, ముందే చెప్పొద్దా నాయనా, తీసెయ్యండి, తీసెయ్యండి" అందట ఆవిడ.

హైపో ట్యాంకరులో పోస్తుంటే డ్రైవరు లబలబలాడాడు. "గిదేంది సారూ, నీళ్ళల్ల ఉప్పు గలుపుతున్నరు? నా ట్యాంకర్ ఖరాబైతే మా సేటు నన్ను సంపుతడు."

ఘాటు పూర్తిగా పోయిందో లేదో చూడడానికి బావ మా వంటాయన్ని కాస్త గంజి అడిగారు. తన సంచిలోంచి ఏదో మందు పలుకు ఆ గంజిలో వేసి, రెండు గాజుగ్లాసుల్లో పోశారు. హైపో కలపకముందు పట్టి ఉంచిన నీళ్ళు ఒకదాంట్లో పోస్తే ముదురు నీలంగా తిరిగింది, అంటే ఘాటు ఉన్నట్టు. ఉప్పు కలిపిన నీళ్ళు రెండోదాంట్లో పోశారు. అందరం మెడలు చాచి చూస్తున్నాం, డాన్సు మాస్టరుతో సహా. గంజి గంజిలాగే ఉంది. "షాబాష్ సారూ!" అని మొదట అరిచింది ఆ డ్రైవరే. మోటారు వెయ్యమన్నారు బావ.

వాన పడింది. పాట మొదలయింది, ఆగింది, మళ్ళీ మొదలయింది. పొద్దు వాలుతుండగా, ఇంకో షాట్‌కి హీరోయిన్‌కి తల తుడుస్తుంటే, మొదటి తొట్టెలో నీళ్ళు దబదబమని కొట్టుకున్నాయి. మగచేపలు తల్లిచేప చుట్టూ తిరుగుతూ తోకలతో కొడుతున్నాయి. డైరెక్టరు నోటి మీద వేలేసుకున్నాడు. స్పీకరు ఆపేశారు. యూనిట్ యూనిట్ అంతా గట్టు మీద కూర్చుండిపోయింది, వాన మాత్రం ఆపొద్దని బావ చేత్తో సైగ చేశారు. కాసేపటికి ఆయన తొట్టెలో చెయ్యి పెట్టి దోసిలి పైకెత్తారు. దోసిట్లో ఉడికిన సగ్గుబియ్యంలా, నిర్మలంగా, ఒకదానిలోంచి ఒకటి కనిపించే గుడ్లు. తెల్లబడితే చచ్చినట్టు, అద్దంలా ఉంటే ప్రాణమున్నట్టు. అద్దంలా ఉన్నాయి. అక్కయ్య చీర తడిసిపోతుందని కూడా చూసుకోకుండా వాన కిందికి వచ్చి, ఆ దోసిట్లోకి వంగి చాలాసేపు చూసింది.

"రేపు ఫ్యాక్టరీకి కబురు పంపండి, ఆ కుర్చీలో ఎవర్నన్నా కూర్చోబెట్టుకోమని" అంది. 

బావ దోసిలి దించడం మర్చిపోయి అలాగే నిలబడ్డారు.

ఇక నా కల్తీ సంగతి. నా వానకే చేపలు గుడ్లు పెట్టాయని నేను ఊరంతా చెప్పుకున్నాను. నిజమేమిటంటే, వాన పడని మూల తొట్టెలో కూడా అదే సాయంత్రం గుడ్లు పెట్టాయి. వాన కింద సూది లేకుండా ఉన్నవి, నా వానని బాగా ఆస్వాదించి, హాయిగా ఈది, ఏమీ పెట్టకుండా ఊరుకున్నాయి. నేను ముఖం చిన్నబుచ్చుకుంటే బావ జాలిపడ్డారు.

"తలుపు తీసింది మందేనయ్యా. నీ వాన వాకిట్లో కళ్ళాపి చల్లింది. అయినా కొలనంతా చల్లబడింది కాబట్టి ఆ మూల తొట్టె సాక్ష్యం కూడా పూర్తిగా చెల్లదులే" అన్నారు. ఆ చివరి వాక్యాన్ని పట్టుకునే నేను ఇన్నేళ్ళూ బతుకుతున్నాను.

తరవాతి సంగతులు మీరు ఊహించగలిగినవే. ఉద్యోగం వచ్చింది. ఎక్కడెక్కడి చెరువులకో బస్సుల్లో, ఎడ్లబళ్ళ మీద, సంచిలో గోధుమరంగు సీసాలతో తిరిగారు. నిలవ చెయ్యడం దగ్గర్నుంచి సూది వెయ్యడం దాకా రైతు తన చేత్తో తాను చేసుకునేదాకా వదిలేవారు కాదు. పేటెంటు కోసం రాసుకోమని ఎవరో సలహా ఇస్తే, ఆవకాయకి పేటెంటేమిటండీ అన్నారట. అక్కయ్య మాట నిలబెట్టుకుంది. ఏ ఊరు బదిలీ అయితే ఆ ఊరు చెరువుగట్టుకి దగ్గర్లో ఇల్లు చూసుకుంది, జీవితాంతం చేప తినలేదు, చేపపిల్లలకి మాత్రం పొద్దున్నే తవుడు తానే చల్లేది. ఆయనకి సన్మానాలు ఎన్నో జరిగాయని చుట్టాల మాట. నా లెక్క ప్రకారం రెండో మూడో, ఆ శాలువాలు అక్కయ్య చలికాలంలో పిల్లలకి కప్పేసింది. తొట్టెల మీద చిల్లుల పైపుతో సన్నగా నీళ్ళు జల్లే పద్ధతి మటుకు ఊళ్ళలో నిలిచిపోయింది. దానికి రైతులు నా పేరు పెట్టుకున్నారని చెప్పాలని నోరు ఊరుతోంది. సినిమా వాన అంటారు, అంతే. సినిమాలో ఉన్నది నేనే కదా.

ఇప్పుడు చేపపిల్లలు కావాలంటే ఫోను చేస్తే చాలు, గాలి నింపిన ప్లాస్టిక్ సంచుల్లో బస్సెక్కి వచ్చేస్తాయి. సూదిమందు దుకాణంలో తయారుగా దొరుకుతుంది, చేప తల ఎవరూ పగలగొట్టనక్కర్లేదు, ఆకాశం వైపు చూడనక్కర్లేదు. బావ కోరుకున్నది ఇదే. ఆయన్ని ఎవరూ తలుచుకోనక్కర్లేకుండా పని జరిగిపోవాలని ఆయన ఆశ. ఆశ తీరింది, అయినా తలుచుకుంటున్నారు, అంతకంటే ఏం కావాలి? శ్రీనగర్ కాలనీలో మా వాడి ఇంట్లో కూర్చుని కాఫీ తాగుతూ ఇది రాస్తుంటే నాకేమీ లోటు అనిపించడం లేదు.

ఒక్కటి మాత్రం. ఆ కొలను ఉన్నచోట ఇప్పుడు అద్దాల భవనం లేచింది. కింద కార్లు పెట్టుకునే సెల్లారు. బండరాళ్ళు పోయాయి, నీళ్ళు ఇంకే మన్ను పోయింది. పోయిన వానాకాలం అటుగా వెళితే, ఆ సెల్లారు నిండా నీళ్ళు నిలిచి, వాచ్‌మన్ మోటారు పెట్టి రోడ్డు మీదికి తోడేస్తున్నాడు. వాన రాక మోటారుతో వాన పోసుకున్న చోటే, వచ్చిన వానని మోటారుతో వెళ్ళగొడుతున్నారు. గొడుగు కింద నిలబడి కాసేపు చూశాను. ఆ నీళ్ళు బురదబురదగా కాలవలో పడి పోతున్నాయి. అందులో ఏ చెరువుకీ చేరే చుక్క ఒక్కటీ లేదు.